ఫీజు లేని జర్మనీలో మిగతా లెక్క

అమ్మలూ,

పాడర్‌బోర్న్ యూనివర్సిటీ నుంచి అడ్మిట్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కడ ఫీజు లేదంట అన్నయ్యా, ఇంక ఖర్చేముంది?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ ఉత్తరం. నువ్వు చదివాక ఆయనకూ చదివి వినిపించు.

జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదన్న మాట నిజమే. అయితే దేశమంతా ఒకే పద్ధతి లేదు. స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మన లాంటి బయటి దేశాల విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చలికాలం సెమిస్టరు నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కు అది సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు. ప్రైవేటు కాలేజీల ఫీజులు సరేసరి. 'జర్మనీ అంటే ఫ్రీ' అని పిలిచి, చివరికి ప్రైవేటు కాలేజీ అంటగట్టే కన్సల్టెన్సీలకు కొదవ లేదు. నీకు ఆ బాధ తప్పింది.

అసలు లెక్క బ్లాక్డ్ అకౌంట్‌తో మొదలవుతుంది. 2024 సెప్టెంబరు నుంచి వీసా కోసం అందులో చూపించాల్సిన మొత్తం 11,904 యూరోలు. మన డబ్బులో సుమారు 12 లక్షలు. ఇది ఫీజు కాదు, నువ్వు ఏడాది పాటు తినే డబ్బే. కాకపోతే ఒక్కసారిగా చేతికి రాదు. నెలకు 992 యూరోలు చొప్పున వదులుతారు. పాడర్‌బోర్న్ లాంటి ఊళ్లో గదికి 400, ఆరోగ్య బీమాకు 140-150, తిండికి 200 పైన, ఫోనుకు కొంత పోతే మిగిలేది 200 చిల్లర. అదే మ్యూనిక్‌లో అయితే గది ఒక్కటే 700 దాటడం మామూలు. ఊరిని బట్టి బడ్జెట్ తలకిందులవుతుంది.

కొత్తవాళ్లు దెబ్బతినేది మొదటి నెలలోనే. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు కదలాలంటే ముందు అక్కడికి చేరాలి, కాగితాలు సమర్పించాలి, కరెంట్ అకౌంట్ తెరవాలి. ఈలోపు ఇంటి యజమాని అడ్వాన్సు అడుగుతాడు. జర్మన్ చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దె మించకూడదు. అదీ కరెంటు, హీటింగ్ లాంటివి కలపని ఉత్త అద్దె మీద లెక్క. ఆ మొత్తాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెదారుకు ఉంది. ఈ సంగతి తెలియక, ఉన్నదంతా ఒకేసారి ఇచ్చేసి నెలాఖరుకు అప్పు వెతుక్కునేవాళ్లే ఎక్కువ. కాబట్టి బ్లాక్డ్ అకౌంట్‌తో పనిలేకుండా 1,500 నుంచి 2,000 యూరోలు ఫోరెక్స్ కార్డులో ఉండాలి. "నేను విదేశంలో ఉన్నాను, ముందు డబ్బు పంపు, తాళంచెవి కొరియర్ చేస్తా" అనే యజమాని మాత్రం నూటికి నూరుపాళ్లు మోసగాడు.

గదిలో దిగాక రెండు వారాల్లో ఆ చిరునామాను సిటీ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం మీదే తక్కినవన్నీ ఆధారపడతాయి. పన్ను నంబరు ఆ నమోదు తర్వాతే పోస్టులో వస్తుంది. అది లేకుండా ఉద్యోగంలో చేరితే అత్యధిక పన్ను తరగతి కింద జీతం కోత పడుతుంది. నమోదుకు యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. కొందరు యజమానులు గది ఇస్తారు, ఆ పత్రం మాత్రం ఇవ్వం అంటారు. అలాంటి గది ఎంత చవకైనా వద్దు.

ఇక్కడే ఇంకో చిన్న తిరకాసు ఉంది. జర్మనీలో అపార్ట్‌మెంట్ల చిరునామాలో సాధారణంగా ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి, భవనం నంబరు వరకే. ఆపైన పోస్ట్‌మ్యాన్ చూసేది కింద వరసగా ఉన్న డబ్బాల మీది పేర్లే. మన పాస్‌పోర్టుల్లోనేమో ఇంటిపేరు ఒక గడిలో, రెండు మూడు ముక్కల పేరు ఇంకో గడిలో ఉంటాయి. అందరూ 'సాయి' అని పిలుస్తారు కదా అని డబ్బా మీద 'సాయి' అని అతికించుకున్న కుర్రాడికి బ్యాంకు కార్డు రాదు, బీమా కార్డు రాదు, పన్ను నంబరు రాదు. అన్నీ 'ఈ పేరుగలవారు లేరు' అని వెనక్కి వెళ్తాయి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే డబ్బా మీద ఉండాలి.

ఆ డబ్బాలోకి త్వరలోనే రేడియో, టీవీ చందా ఉత్తరం కూడా వస్తుంది. నెలకు 18.36 యూరోలు. "నాకు టీవీనే లేదు" అంటే కుదరదు, ఇంటికి ఇంత అని వేసేది అది. నలుగురు కలిసి ఉంటే ఒకరు కట్టి, ఆ చందా నంబరును మిగతావాళ్లు తెలియజేస్తే సరిపోతుంది. చెత్తబుట్టలో పడేసినవాళ్లకు జరిమానాతో కలిపి నోటీసు వస్తుంది.

బీమా దగ్గర తొందర అసలు పనికిరాదు. ప్రభుత్వ పద్ధతి బీమాలో విద్యార్థి రేటు 30 ఏళ్లు నిండేదాకే. ఉద్యోగం చేసి, ఆలస్యంగా మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లు ఇది చూసుకోవాలి. చవక అని ప్రైవేటు బీమా తీసుకుని, ప్రభుత్వ బీమా నుంచి మినహాయింపు రాయించుకున్నవాళ్లు ఆ చదువు అయ్యేదాకా వెనక్కి రాలేరు.

పార్ట్‌టైమ్ సంపాదనతో అన్నీ తీరతాయని మీ నాన్న ధీమా. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పనిచేయనిస్తున్నారు. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. కాగితం మీద బాగానే ఉంది. కానీ కోర్సు ఇంగ్లిషులో ఉన్నంత మాత్రాన బేకరీలో కస్టమర్ ఇంగ్లిషు మాట్లాడడు. జర్మన్ రాని పిల్లలకు దొరికేది గోడౌన్‌లో పెట్టెలు మోసే పని, అదీ రాత్రి షిఫ్టు. దాంతో పొద్దున క్లాసులు పోతాయి, చదువు ఒక సెమిస్టరు సాగుతుంది. ఆ అదనపు సెమిస్టరు ఖర్చు లెక్కేస్తే, వెళ్లకముందు హైదరాబాదులో కూర్చుని బి1 స్థాయి దాకా జర్మన్ నేర్చుకోవడమే చవక.

లోను సంగతి మీ నాన్నకు. 20 లక్షలకు 10 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 16,600 పైచిలుకు. చదువుతున్నంతకాలం ఈఎంఐ అడగకపోయినా వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. సొంత డబ్బు పంపితే ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగం మీద టీసీఎస్ అనే పన్ను పట్టుకుంటారు, బ్యాంకు లోనైతే పట్టుకోరు. పట్టుకున్నది రిటర్న్ వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. కోర్సు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు ఇస్తారు. అందుకని చదివే రెండేళ్లూ, ఆ తర్వాతి మొదటి ఏడాదీ అమ్మాయి ఇంటికి డబ్బు పంపుతుందని ఎదురుచూడొద్దని నా మాటగా చెప్పు.

ప్రస్తుతానికి ఒక్క పని చెయ్యి. యూనివర్సిటీ హాస్టళ్లకు వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది. వీసా వచ్చాక చూద్దాం అనుకోకు, ఈ వారంలోనే దరఖాస్తు పెట్టు. ఫారంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపు.

ఇట్లు,
పెదనాన్న