తుఫాను రాని రోజుల్లో చేయాల్సిన పని



విపత్తు వేళ ఊరికి సాయపడే ఆపద మిత్ర శిక్షణ పూర్తిచేసుకుని వచ్చావనీ, ఊరి కుర్రాళ్లంతా నిన్నే ముందుండమన్నారనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. ‘ముందుండడమంటే ఏం చేయాలి తాతయ్యా?’ అని నువ్వు అడిగినదానికి ఫోన్‌లో రెండు ముక్కలు చెప్తే సరిపోదు. అందుకే ఈ ఉత్తరం.

ఎండ కాసే రోజుల్లో చిన్న చిన్న పనులు ఓపికగా చేసినవాడి మాటే గాలివాన రాత్రి జనం వింటారు. సైన్యంలో నేను నేర్చుకున్నదంతా కుదించి చెబితే ఇంతే.

మన సముద్రం సంగతి నీకు తెలియాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి దాదాపు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1996 నవంబరు 6న మన కోనసీమ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్నే అతలాకుతలం చేసింది. అయినా మన రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వందలోపే. సముద్రమేమీ మెత్తబడలేదు. వాతావరణ శాఖ కబురు ముందుగా అందింది, లోతట్టు ఊళ్లు ముందుగా ఖాళీ అయ్యాయి. ఆ ‘ముందుగా’ అన్నది మన ఊళ్లో నీ చేతుల్లో ఉంది.

మొదట ఒక నోటుపుస్తకం తీసుకుని ఇల్లిల్లూ తిరుగు. మంచం దిగలేని ముసలివాళ్లు ఎవరు, నెలలు నిండిన గర్భిణులు ఎవరు, ఎవరి ఇంటిది పాకకప్పు, ఎవరికి ట్రాక్టరు ఉంది, ఎవరికి పడవ ఉంది, జనరేటరు ఎవరి దగ్గర ఉంది, అన్నీ రాసుకో. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకో, సగం వివరాలు ఆమెకే తెలుసు. గొడ్లను వదిలి రామనే వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లతో ఇప్పుడే కూర్చుని మాట్లాడు. గొడ్లను ఏ మెరకకు తోలాలో, ఎవరు తోలాలో తేలిపోతే ఆ రాత్రి వాళ్లు షెల్టర్‌కు కదులుతారు. మేడల్లో ఉన్నవాళ్లకూ, కాలవ గట్టున గుడిసెల్లో ఉన్నవాళ్లకూ కబురు ఒకే వేళకు అందాలి. ఇందులో తేడా వస్తే నీ నాయకత్వానికి అర్థం లేదు.

రెండోది సాధన. బెంగళూరులో మద్రాస్ సాపర్స్ శిక్షణలో మాకు ఒక ఉస్తాద్ ఉండేవారు. పగలు నేర్పిన తాటి ముడిని రాత్రి చీకట్లో, తడిసిన తాడుతో, చేతులు వెనక్కి పెట్టి వేయమనేవారు. వేళ్లు బొబ్బలెక్కేవి. ముడి పడ్డాక కూడా వదిలేవారు కాదు, పక్కవాడికి నేర్పమనేవారు. వాడికి వచ్చాకే మాకు వచ్చినట్టు లెక్క. నువ్వూ అలాగే నేర్పు. ముడుల విషయంలో మన వేటకు వెళ్లేవాళ్లను మించిన గురువులు లేరు, వెళ్లి అడుగు. నీళ్లలో కొట్టుకుపోతున్నవాడి కోసం ఎవరూ గభాలున దూకకూడదు. కర్ర అందించాలి, లేదా తాడు కట్టిన ఖాళీ క్యాను విసరాలి. గుండె ఆగిపోయిన మనిషికి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా నొక్కాలి. ఇది చేతులతో చేస్తే తప్ప రాదు.

మూడోది మాట. ఎవరికి ఏ పని అప్పజెప్పినా వాళ్ల చేత తిరిగి చెప్పించుకో. సైన్యంలో ఇది నియమం. తలూపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. వాట్సాప్‌లో వచ్చే ప్రతి కబురునూ ఊరి మీదకు వదలకు. వాతావరణ శాఖ, విపత్తు నిర్వహణ సంస్థ చెప్పిందే మైకులో చెప్పించు. ఒక సంగతి మాత్రం పిల్లలకు సైతం నూరిపోయాలి: తుఫాను కన్ను మన మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని జనం ఇళ్లు చూసుకోవడానికి బయటకు వస్తారు. కాసేపటికి అంతే జోరుతో ఎదురు దిక్కు నుంచి గాలి కొడుతుంది. అధికారులు చెప్పేదాకా ఒక్కరినీ గడప దాటనివ్వకు. దాటాక తెగిపడ్డ కరెంటు తీగల దగ్గరకు ఎవరినీ పోనివ్వకు.

డెహ్రాడూన్ అకాడమీలో అధికారులకు నూరిపోసే సూత్రం ఒకటుంది. దేశం ముందు, తన కింది జవాన్లు తర్వాత, తన సుఖం అన్నిటికన్నా చివర. నీకూ అదే వర్తిస్తుంది. షెల్టర్‌లో పులిహోర పొట్లాలు పంచేటప్పుడు చివరి పొట్లం నీది కావాలి. నువ్వు గొంతు పెంచకుండానే నీ జట్టు నీ వెంట నడుస్తుంది.

ఇవన్నీ ఒక్కడివే మోయక్కర్లేదు. మన గోదావరి జిల్లాల్లో సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకు కొదవ లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరమని పేరు రావడం నీకు తెలిసిందే. జవాన్లు చాలామంది నలభై ఏళ్లు దాటీ దాటకముందే పింఛనుతో ఇంటికి వస్తారు. వరద సహాయానికి వెళ్లినవాళ్లు, వైర్‌లెస్ నడిపినవాళ్లు, గాయాలకు కట్లు కట్టినవాళ్లు వాళ్లలో ఉంటారు. ఎవరూ అడగక అరుగుల మీద కూర్చున్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి మన మండలంలో ఎవరెవరున్నారో కనుక్కో. వెళ్లి గౌరవంగా పిలువు, తప్పక వస్తారు. వాళ్ల అనుభవం, మీ కాళ్లలో సత్తువ కలిస్తే సర్కారు పడవ వచ్చేలోపు ఊరు తనను తాను కాపాడుకోగలదు.

ఒక్క మాట మరిచిపోకు. మనకు పెద్ద తుఫానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి. ఇల్లు తగలబడుతుంటే బావి తవ్వేవాళ్లలో మనం చేరొద్దు. ఈ ఆదివారమే నోటుపుస్తకం పట్టుకుని కాలవ గట్టు నుంచి మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య