క్వాలిటేటివ్ రీసెర్చ్: మొదటి ఏడాదే ఫీల్డుకు వెళ్లండి

మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీకి చేరినవాళ్లలో కొందరు స్టాటిస్టిక్స్ అంటే భయపడి క్వాలిటేటివ్ పరిశోధన వైపు వస్తుంటారు. ఆ కారణంతో మాత్రం రావద్దు. ఇందులో శ్రమ తగ్గదు, పెరుగుతుంది. గంట ఇంటర్వ్యూను ఉన్నది ఉన్నట్టు రాసుకోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

మీ ప్రశ్న ఈ పద్ధతినే కోరుతోందా అన్నది ముందు చూసుకోండి. ఎంఐటీలో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు స్టీఫెన్ బార్లీ మసాచుసెట్స్‌లోని రెండు ఆసుపత్రుల రేడియాలజీ విభాగాల్లో నెలల తరబడి కూర్చుని, అక్కడి మాటలూ పనులూ రాసుకున్నారు. రెండు చోట్లా కొత్తగా వచ్చింది ఒకే రకం సీటీ స్కానర్. కానీ డాక్టరుకూ టెక్నాలజిస్టుకూ మధ్య ఎవరి మాట చెల్లాలన్నది ఒక్కోచోట ఒక్కోలా తేలింది. 1986లో అచ్చయిన ఆ పేపర్‌ను ఇప్పటికీ పాఠంగా చెబుతారు. ‘ఎంత’ అన్న ప్రశ్నకు సర్వే చాలు. ‘ఇదంతా ఎలా జరుగుతోంది’ అన్నది తెలియాలంటే పక్కన కూర్చోవాల్సిందే.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కోర్సువర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. రీసెర్చ్ మెథడాలజీ అందులో తప్పనిసరి. చాలాచోట్ల ఆ పేపర్లో శాంప్లింగ్, రిగ్రెషన్, ఎస్‌పీఎస్‌ఎస్‌లకే సమయం సరిపోతుంది. ఇంటర్వ్యూలు, కేస్ స్టడీ ఒకట్రెండు క్లాసుల్లో అయిపోతాయి. మిగతాది మీరే నేర్చుకోవాలి.

చదవడం మూడు పేపర్లతో మొదలుపెట్టండి. పలు సంస్థలను పోల్చి సిద్ధాంతం కట్టడం ఎలాగో క్యాథలీన్ ఐసెన్‌హార్ట్ 1989లో రాశారు. కాలక్రమంలో జరిగిన సంఘటనలను ఎలా విశ్లేషించాలో ఆన్ లాంగ్లీ 1999లో చెప్పారు. జవాబు చెప్పినవాళ్ల మాటల నుంచే మెట్టుమెట్టుగా భావనలకు ఎక్కే దారిని జోయా, కోర్లీ, హామిల్టన్ 2013లో చూపారు. మూడింటి వెనకున్న ఆలోచనలు వేర్వేరు. తలా కొంచెం తీసుకుని కలిపేస్తే రివ్యూయర్ మొదటి పేజీలోనే పట్టుకుంటారు. గ్లేజర్, స్ట్రాస్ 1967లో ప్రతిపాదించిన గ్రౌండెడ్ థియరీదీ ఇదే సంగతి. డేటా సేకరణ, విశ్లేషణ పక్కపక్కనే సాగాలన్నది దాని ప్రాణం. ఇంటర్వ్యూలన్నీ ముగించి, ఆ తర్వాత కోడింగ్‌కు (మాటలకు భావనల పేర్లు పెట్టడానికి) కూర్చుని, థీసిస్‌లో మాత్రం ఆ పేరు రాసుకోవడం సరికాదు.

చదువు ఎంతైనా, చెయ్యి తిరగాలంటే మొదటి ఏడాదే ఫీల్డుకు వెళ్లాలి. కిరాణా దుకాణాలు డిస్ట్రిబ్యూటర్లను వదిలి యాప్‌లకు ఎందుకు మారుతున్నాయన్నది మీ అంశం అనుకుందాం. ‘యాప్ వల్ల లాభం ఉందా?’ అని అడిగితే, ‘మంచిగనే ఉంది సార్’ అంటాడు దుకాణదారు. అక్కడితో సరి. అదే ‘పోయినసారి సరుకు తెప్పించిన రోజు ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పండి’ అని ఊరుకోండి. ‘నూనె, పప్పులు యాప్‌ల పెట్టిన. సబ్బులు మాత్రం డిస్ట్రిబ్యూటర్ రాజన్న దగ్గర్నే. ఆయన పైసలకు వారం ఆగుతడు. పండుగకు సరుకు దొరకకుంటే నా కోసం దాచిపెడ్తడు’ అనొచ్చు. అంటే దుకాణదారు పూర్తిగా మారలేదు, సగమే మారాడు. మీరు అనుకున్న ప్రశ్నే తప్పని తేలింది.

ఇప్పుడు ఆ మాటల పక్కన ‘పైసలకు ఆగడం’, ‘దొరకకుంటే దాచిపెట్టడం’ అని ఆయన భాషలోనే కోడ్ రాసుకోండి. మరో పది దుకాణాల్లోనూ ఇలాంటివి కనిపిస్తే, ధర చూసి ఒకరి దగ్గర, భరోసా చూసి మరొకరి దగ్గర కొంటున్నారన్న భావన నిలబడుతుందేమో పరీక్షించొచ్చు. ఇవి కనిపించని దుకాణం ఎదురైతే దాన్ని పక్కనపెట్టకండి, అక్కడే ఎక్కువసేపు ఆగండి. ఎన్‌వివో, అట్లాస్ లాంటి సాఫ్ట్‌వేర్లు కోడ్లను పద్ధతిగా దాచిపెడతాయి, అంతవరకే. ఆలోచన మీదే. తెలుగు ఇంటర్వ్యూను తెలుగులోనే కోడ్ చేసి, థీసిస్‌లో వాడే మాటలను మాత్రమే ఇంగ్లిష్‌లోకి మార్చుకోవడం మేలు. రికార్డింగ్‌కు ముందు అనుమతి తీసుకోండి. మాట్లాడినవాళ్ల పేర్లు మార్చండి. ఇంటర్వ్యూ అయిన రాత్రే మీకు తోచింది ఒక పేజీ రాసుకోండి. నెల తర్వాత అవేవీ గుర్తుండవు.

ఈ నైపుణ్యం అధ్యాపక ఉద్యోగానికే పరిమితం కాదు. యూజర్ రీసెర్చ్, వినియోగదారుల అధ్యయనం చేసే కంపెనీలకూ ఇలా అడిగి, విని, అర్థం చేసుకోగలవాళ్లు కావాలి. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్ఎస్ఆర్) ఆర్థిక సాయంతో పీహెచ్‌డీ విద్యార్థుల కోసం వివిధ విశ్వవిద్యాలయాల్లో రీసెర్చ్ మెథడాలజీ కోర్సులు జరుగుతుంటాయి. ఆ ప్రకటనలను గమనిస్తూ ఉండండి.

అన్నిటికంటే ముఖ్యం గైడ్ ఎంపిక. చేరకముందే ఆ విభాగం నుంచి వచ్చిన థీసిస్‌లు రెండు మూడు తిరగేయండి. మెథడాలజీ అధ్యాయంలో ఫీల్డులో ఎన్నాళ్లున్నారో, కోడ్లు ఎలా మారాయో రాశారా? వీలైతే ఆ గైడ్ దగ్గర చదువుతున్నవాళ్లను కలిసి ఒక్కటి అడగండి: మీ ట్రాన్‌స్క్రిప్టులను సార్ ఎప్పుడైనా మీతో కూర్చుని చదివారా?