షుగర్ రిపోర్టు చదివే ముందు

మా హోసూరులో ల్యాబు రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది, డాక్టరమ్మ తమిళంలో చెప్తారు, ఇంటికొచ్చి అమ్మకు మనం తెలుగులో చెప్పాలి. తెలుగు చదువుకునే పిల్లలం కదా, ఈ మూడో పని మనదే. అందుకే షుగర్ రిపోర్టులో వచ్చే మాటలు, అంకెలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఫాస్టింగ్. దీన్ని ఉపవాసం అని చెప్పకండి. మన ఏకాదశి ఉపవాసంలో పాలు, పళ్లు చెల్లుతాయి, ల్యాబులో చెల్లవు. సరైన మాట పరగడుపు. కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ తీసుకోకూడదు, పొద్దున కాఫీ కూడా. అంకె 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 దాకా హద్దుమీద ఉన్నట్టు. 126, ఆపైన వస్తే మధుమేహం కావచ్చు. 'కావచ్చు' అని ఎందుకన్నానంటే, లక్షణాలేవీ లేనప్పుడు ఒక్క అంకెతో ఖాయం చెయ్యరు, ఇంకోసారి చూస్తారు. ఈ 100 అంటే 100 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాముల గ్లూకోజు. ఒంట్లో 5 లీటర్ల రక్తం ఉందనుకుంటే మొత్తం కలిపి 5 గ్రాములు, ఒక చిన్న చెంచాడు. అంతే!

పీపీ అంటే భోజనం తర్వాత చూసేది. 2 గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. 140 లోపు ఉంటే మంచిదే.

అసలు తికమక హెచ్‌బీఏ1సీ దగ్గర. ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు అంటుకుంటుంది. కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఎంత శాతం అంటుకుందో చూస్తే గడిచిన రెండు మూడు నెలల సంగతి తెలుస్తుంది. 5.7 లోపు మామూలు, 6.4 దాకా హద్దుమీద, 6.5 నుంచి మధుమేహం.

పోయిన ఏడాది మా అమ్మకు ఇది 6.1 వచ్చింది. పరగడుపు అంకె మాత్రం 91. అమ్మ ఆ రోజే అన్నం సగం చేసేసింది, రాత్రి సంగటి మానేసింది. ముందే నీరసంగా ఉన్న మనిషి తిండి కూడా మానేస్తే ఏమవుతుంది? డాక్టరమ్మ రిపోర్టులో ఇంకో పేజీ తిప్పి హిమోగ్లోబిన్ చూపించారు: 8.7. గర్భం లేని ఆడవాళ్లకు 12 ఉండాలి. ఇనుము తక్కువై రక్తం తగ్గినప్పుడు కొత్త కణాలు సరిగ్గా పుట్టవు, పాతవే ఎక్కువ రోజులు తిరుగుతాయి, వాటికి గ్లూకోజు ఎక్కువ పట్టి ఉంటుంది. అందుకని షుగర్ పెరగకపోయినా శాతం పెరిగినట్టు కనిపించవచ్చు. ఈమధ్యే రక్తం బాగా పోయినవాళ్లకైతే తక్కువ చూపించవచ్చు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఈ గోడ ముందు నిలబడి చదువుతున్న మనమూ ఆ వయసువాళ్లమే. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ కూడా చూడాలా అని అడగండి. అలాగని రక్తం తక్కువ కాబట్టి షుగర్ లేదులే అని మనమే తీర్మానించకూడదు. మిగతా అంకెలు కలిపి చూసి డాక్టరే చెప్పాలి.

అమ్మకు 3 నెలలు ఇనుము మాత్రలు ఇచ్చారు. మాత్రతోపాటు కాఫీ, టీ తాగకూడదన్నారు, అవి ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. మా ఇంట్లో మాత్ర మింగించడం కంటే ఈ కాఫీ ఆపించడమే పెద్ద పనైంది. తర్వాత చూస్తే హిమోగ్లోబిన్ 11.3, ఆ శాతం 5.6. ఏడాదికోసారి చూపించుకోమన్నారు.