విడాకులకు మధ్యవర్తిత్వం చాలా, కోర్టుకూ వెళ్లాలా?

మధ్యవర్తిత్వంలో కుదిరిన ఒప్పందం విడాకులు కాదు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లిని ముగించేది కోర్టు డిక్రీయే. అయితే భరణం, పిల్లల సంరక్షణ, స్త్రీధనం ముందే తేలిపోతే, ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యం బదులు 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకార పిటిషన్ సరిపోతుంది. దానికి ఏడాదైనా విడిగా ఉండాలి. ఆపై ఆరు నెలల నిరీక్షణను తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

మధ్యవర్తి తీర్పరి కాడు. పెద్దమనుషుల పంచాయతీలా తప్పెవరిదో తేల్చడు. అక్కడి మాటలు గోప్యం, రాజీ కుదరకపోయినా కోర్టులో సాక్ష్యంగా చెల్లవు. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో మాత్రం ముందు రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవాలి. భయంతో పెట్టిన సంతకం అంగీకారం కాదు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.