మంచె ఎక్కే భయం

అక్కలారా, పాఠం మొదలు పెట్టే ముందు ఒక ప్రశ్న. మీలో ఎత్తు అంటే భయం ఎవరికి? చెయ్యి ఎత్తండి. సిగ్గు పడకండి. ముందు నేనే ఎత్తుతున్నాను.

ఒకసారి ఆగస్టు పదిహేనుకు బడి మిద్దె మీద జెండాలు కట్టాలి. నన్ను ఎక్కమన్నారు. కడుపు నొప్పి అని చెప్పి తప్పించుకున్నాను. పిల్లలకు ధైర్యం పాఠం చెప్పే పంతులమ్మను నేను!

మా రాత్రి బడికి ఒక అక్క వచ్చేది. పేరు రాయొద్దు అంది. అందుకే రాయడం లేదు. మాది పాలమూరు వైపు ఊరు. ఆ ఏడు అక్క భర్త పనికి వలస పోయాడు. రెండెకరాల జొన్న చేను అక్క మీద పడింది. కంకులు పాలు పోసుకున్నాయి. ఇక చూడండి, పొద్దున ఒక గుంపు, సాయంత్రం ఒక గుంపు. పిట్టలు వాలిన చోట కంకి వట్టి బెండు అవుతుంది.

చేనులో మంచె ఉంది. భర్త పోయే ముందు వేసిందే. నాలుగు గుంజలు, పైన కర్రల పరుపు, తాటాకు కప్పు. తొమ్మిది మెట్ల నిచ్చెన. అక్క మాత్రం మంచె ఎక్కదు. గట్టు మీద తిరుగుతూ డబ్బా కొడుతుంది. జొన్న మనిషి కన్నా ఎత్తు. కింద నుంచి ఏం కనిపిస్తుంది? ఈ మూల అరిస్తే పిట్టలు లేచి ఆ మూలకు పోతాయి.

"మంచె ఎక్కొచ్చు కదా అక్కా?" అని అడిగాను.

"ఎక్కుత పంతులమ్మా. సగం దాక పోతా. ఆడికి పోంగనే కాళ్లు వణుకుతయి. చేతులు చెమట పడతయి. కిందికి చూస్తే భూమి తిరిగినట్టయితది. దిగొస్తా."

పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. "పదేండ్ల పిల్లలు ఎక్కుతరు గదనే" అంది ఒక పెద్దమ్మ. మరునాడు అక్క బడికి రాలేదు.

అంతలో ఇంకో సంగతి జరిగింది. రాత్రి పూట అడవి పందులు కూడా చేనులో పడ్డాయి. మరిది వచ్చి, "వదినా, చుట్టూ తీగ కట్టి కరెంటు పెడతా. మంచె ఎక్కే పనే లేదు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. కరెంటు తీగ పందిని, మనిషిని వేరు చేసి చూడదు. పొద్దున్నే చేనుకు పోయే పక్క పొలం ఆమె కాలు తగిలినా అంతే. పైగా అది నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తర్వాత జంతువులను అలా చంపడం కుదరదు. వెనకటి రోజుల్లో వేటగాళ్లు చెట్టు మీద మంచె కట్టుకుని జంతువు కోసం కాచుకునేవాళ్లు. మనం మంచె ఎక్కేది వేటకు కాదు. చూడడానికి, అదిలించడానికి.

అందుకని నేను అక్క ఇంటికి పోయాను. "రేపటి నుంచి ఇద్దరం ఎక్కుదాం. నాకూ భయమే" అన్నాను. అక్క నమ్మలేదు. చేనుకు పోయాక నా మొహం చూసి నమ్మింది.

ఈ భయం ఎందుకు వస్తుంది?

మనం పడిపోకుండా నిలబడాలంటే మూడు కావాలి. కళ్లు, చెవి లోపలి భాగం, కాళ్లు. ఈ మూడూ మెదడుకు కబుర్లు పంపుతుంటాయి. నేల మీద ఉంటే దగ్గరలో గోడో, చెట్టో ఉంటుంది. ఒళ్లు కొంచెం ఊగినా కళ్లు పసిగడతాయి. ఎత్తు మీద నుంచి దూరం చూస్తే కళ్లకు దగ్గరలో ఆనవాలు ఉండదు. ఒళ్లు ఊగింది కళ్లకు సరిగా తెలియదు. కాళ్లు ఒక మాట, కళ్లు ఒక మాట చెబుతాయి. తల తిరిగినట్టు ఉండేది అందుకే. ఇది పిరికితనం కాదు. ఒంటి స్వభావం. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ.

"కళ్లు తిరిగి పడిపోతనేమో" అని అక్క పదే పదే అనేది. భయం పట్టినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తపు పోటు మామూలుగా పెరుగుతుంది, తగ్గదు. అందుకే ఎత్తు భయంతో సొమ్మసిల్లడం చాలా అరుదు.

కానీ ఒక మాట జాగ్రత్తగా చదవండి. నేల మీద ఉన్నా కళ్లు తిరుగుతున్నాయా? వంగి లేస్తే చీకట్లు కమ్ముతున్నాయా? అది ఎత్తు భయం కాదు. రక్తం తక్కువ ఉండవచ్చు. మన ఆడవాళ్లలో ఇది చాలా ఎక్కువ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి రక్త పరీక్ష చేయించుకోండి. అంతదాకా మంచె ఎక్కొద్దు. మూర్ఛ వచ్చేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు అసలే ఎక్కొద్దు. ఖాళీ కడుపుతో కూడా ఎక్కొద్దు.

అక్కను కూడా ముందు ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాను. రక్తం బాగానే ఉంది అన్నారు. ఇక మిగిలింది భయమే.

మొదటి రోజు మేం ఎక్కనే లేదు. మంచెను చూశాం. గుంజలు పట్టుకుని ఊపాం. ఒక గుంజ మొదట్లో చెదలు తిన్నది! అక్క భయం వల్లనే అది బయట పడింది. మరిదిని పిలిచి గుంజ మార్పించాం. పైన మూడు వైపులా నడుము ఎత్తున అడ్డ కర్రలు కట్టించాం. నిచ్చెన నిటారుగా ఉంది, దాన్నీ సరి చేశాం. నాలుగు మూరల ఎత్తుకు ఒక మూర ఎడం ఉండాలి. మంచె ఎనిమిది మూరలు ఉంటే నిచ్చెన కాలు రెండు మూరలు ఎడంగా ఉండాలి. నిచ్చెన కొస మంచె కన్నా రెండు మూరలు పైకి ఉండాలి. అప్పుడే మంచె మీదికి కాలు పెట్టేటప్పుడు పట్టు దొరుకుతుంది. కొసను గుంజకు తాడుతో బిగించి కట్టాలి.

రెండో రోజు నుంచి ఎక్కడం. చెప్పులు కింద విడిచాం. చీర గోచీ పోసి బిగించాం. ఎప్పుడూ మూడు ఆధారాలు ఉండాలి. రెండు చేతులు, ఒక కాలు. లేదా రెండు కాళ్లు, ఒక చెయ్యి. అందుకే చేతిలో ఏమీ పట్టుకోకూడదు. వడిసెల, రాళ్లు, సద్ది గిన్నె బుట్టలో పెట్టి పైకి పోయాక తాడుతో లాక్కోవాలి.

అక్క నాలుగో మెట్టు మీద ఆగింది. కాళ్లు వణికాయి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఇదివరకు అక్క భయం బాగా పెరిగినప్పుడే దిగి వచ్చేది. అప్పుడు మనసు ఏం నేర్చుకుంటుంది? దిగితేనే బతికాను అని నేర్చుకుంటుంది. మరుసటిసారి భయం ఇంకా పెరుగుతుంది. అందుకే దిగొద్దు, ఆగు అన్నాను. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. కిందికి కాదు, ఎదురుగా ఉన్న గుంజను చూడమన్నాను. గుంజ మీద ఉన్న ఒక కణుపు చూస్తూ నిలబడింది. ఊపిరి మామూలుగా పీల్చి, మెల్లగా, పొడుగ్గా వదిలింది. కొంతసేపటికి వణుకు దానంతట అదే తగ్గింది. అప్పుడు దిగింది. ముఖం నిచ్చెన వైపే పెట్టి, కాలితో మెట్టు తడుముకుంటూ.

నా సంగతా? నేను మూడో మెట్టు దగ్గరే ఆగాను. అక్క నవ్వింది. ఆ రోజు నుంచి మళ్లీ బడికి వచ్చింది.

గోథే అని జర్మన్ భాషలో గొప్ప కవి ఉండేవాడు. ఆయనకూ ఎత్తు భయమే. 1770లో చదువు కోసం స్ట్రాస్‌బర్గ్ పట్టణానికి పోయాడు. అది ఫ్రాన్స్ దేశంలో ఉంది. అక్కడి చర్చి గోపురం 142 మీటర్లు. రెండు చార్మినార్లకన్నా ఎత్తు. ఆయన ఒంటరిగా ఆ గోపురం ఎక్కి కూర్చునేవాడు. భయం పోయేదాకా మళ్లీ మళ్లీ ఎక్కాడు. ఈ సంగతి తన జీవిత కథలో తనే రాసుకున్నాడు. అయితే ఆయన పట్టు లేని చోట నిలబడ్డాడు. అది మాత్రం మనం చేయొద్దు. పుట్టినప్పటి నుంచి తాళ్లు ఎక్కే గీత కార్మికులే మోకు లేకుండా ఎక్కరు. మోకు ఉన్నా పడి చనిపోయినవాళ్లు ఉన్నారు. అందుకే 2024లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలు పెట్టింది. ఆసరా అడగడంలో సిగ్గేముంది?

ఉరుము వినిపిస్తే వెంటనే దిగండి. చేను మధ్యలో ఎత్తుగా ఉండేది మంచే. పిడుగుకు అదే దొరుకుతుంది. వాన పడ్డాక మెట్లు జారుతాయి. ఆరేదాకా ఎక్కొద్దు. రాత్రి కాపలాకు ఒంటరిగా పోవద్దు. తోడు ఉండాలి, టార్చి ఉండాలి. పైన నిద్ర వస్తే దిగి కిందనే పడుకోండి.

అక్క నోటు పుస్తకంలో రోజూ ఒక వరుస రాసేది. నా దగ్గర నేర్చుకున్న అక్షరాలతోనే. తప్పులు దిద్దకుండా చూపించమంది. కానీ నేను రెండు దిద్దాను, పంతులమ్మను కదా.

సోమవారం. 4 మెట్లు. చాలా భయం.
మంగళవారం. 4 మెట్లు. కొంచెం తక్కువ.
బుధవారం. 5 మెట్లు.
గురువారం. వాన. ఎక్కలేదు.
శుక్రవారం. 5 మెట్లు. మళ్లా భయం.
శనివారం. 7 మెట్లు.
ఆదివారం. పైకి పోయిన. కూసున్న. కర్ర పట్టుకున్న.
సోమవారం. పైన నిలబడ్డ. వడిసెల తిప్పిన. రాయి ఎటో పోయింది.

అప్పటికే తూర్పు మూల జొన్న చాలా పోయింది. మిగిలింది దక్కింది. కరెంటు తీగ కట్టలేదు. నేను ఇప్పటికీ ఏడో మెట్టు దాటలేదు.

మీ ఊళ్లో వడిసెల అంటారా, ఒడిసెల అంటారా? మీ చేను మంచెకు ఎన్ని మెట్లు? గుంజలు చూసి ఎన్ని రోజులైంది? నోటు పుస్తకంలో రాసి, రేపు రాత్రి బడికి తెండి.