ఖంభాత్ సింధుశాఖ: దగ్గరైన రెండు తీరాలు

గుజరాత్ పటాన్ని ఎదుట ఉంచుకొని చూడండి. తపతీ నది సముద్రంలో కలిసే చోట, సూరత్‌కు సమీపాన హజీరా ఉన్నది. ఖంభాత్ సింధుశాఖకు ఆవలి ఒడ్డున భావనగర్ జిల్లాలోని ఘోఘా ఉన్నది. ఈ రెండు రేవుల మధ్య సముద్రమార్గం సుమారు 90 కిలోమీటర్లు. రోడ్డున వెళ్ళేవారు మాత్రం నర్మద, మహి, సాబర్మతి నదులను దాటుతూ, సింధుశాఖను చుట్టి, దాదాపు 370 కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉంటుంది.

ఈ చుట్టుదారి భారం ముఖ్యంగా శ్రామికులది. సూరత్‌లో వజ్రాలకు సానపట్టేవారిలో అనేకులు భావనగర్, అమ్రేలీ మొదలైన సౌరాష్ట్ర జిల్లాలవారు. దీపావళికో, ఇంట పెళ్ళికో స్వగ్రామం చేరాలంటే రోడ్డుమీద పది పన్నెండు గంటలు పట్టేది. దొరికిన కొద్దిపాటి సెలవు దారిలోనే కరిగిపోయేది.

2020 నవంబరు 8న హజీరా, ఘోఘాల మధ్య కొత్త నౌకాసర్వీసు ప్రారంభమైనది. లారీలు, కార్లు, ప్రయాణికులు ఒకే ఓడలో సింధుశాఖను దాటే ఏర్పాటు ఇది. దీనివల్ల ప్రయాణం సుమారు నాలుగు గంటలకు తగ్గినది.

నిజానికి ఈ తీరానికి ఓడలు కొత్త కావు. 17వ శతాబ్దంలో సూరత్‌కు వచ్చిన ఆంగ్లేయుల పెద్ద ఓడలు హజీరా సమీపాన గల సువాలీ వద్దనే లంగరు వేసేవి. 1864లో సూరత్‌కు బొంబాయితో రైలు సంబంధం ఏర్పడినది. కాలక్రమాన రైలు, రోడ్డు ప్రధాన మార్గాలైనవి.

అయితే నీటిదారికి నిరంతర సంరక్షణ కావాలి. ఘోఘా నుండి దహేజ్‌కు 2017 అక్టోబరులో ఆరంభమైన సర్వీసు సముద్రం మీద 31 కిలోమీటర్లే. కాని దహేజ్ వద్ద ఇసుక, ఒండ్రు మేట వేసి, ఓడకు చాలినంత లోతు లేక, 2020 నాటికి అది నిలిచిపోయినది. దారి ఎంత దగ్గరదైనా, నిలిచి ఉన్నప్పుడే అది దారి.

సూరత్ మరమగ్గాలపై బ్రతుకు నేసుకొంటున్న తెలంగాణ పద్మశాలీలకు ఈ ఓడతో పని లేదు. సూరత్ మీదుగా వరంగల్ చేరే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వంటి రైళ్ళే వారిని పుట్టిన ఊరితో కలుపుతున్నవి. ఒకరికి ఓడ, ఒకరికి రైలు. సాధనాలు వేరైనా ఆ ప్రయాణాల గమ్యం ఒక్కటే: ఇల్లు. పని కోసం దూరం వెళ్ళిన మనిషికి ఇంటిని అందుబాటులో ఉంచడమే రవాణా వ్యవస్థ చేయగల గొప్ప సేవ.