ధ్రువీకరణ లేని బంగారు నాణెం ఆన్‌లైన్‌లో కొనేముందు: తరచూ అడిగే ప్రశ్నలు

ఈ జవాబుల్లో "ధ్రువీకరణ లేని నాణెం" అంటే ఏ గ్రేడింగ్ సంస్థా పరిశీలించి సీలు వేయని నాణెం. "అమ్మకందారు" అంటే అమ్మకాన్ని వ్యాపారంగా చేసే వ్యక్తి లేదా సంస్థ. ఉదాహరణగా బ్రిటిష్ సవరన్‌ను, అంటే మన ఇళ్లలో కాసు అని పిలిచేదాన్ని తీసుకున్నాం.

1. హాల్‌మార్క్ లేని నాణెం అమ్మడం చట్టవిరుద్ధమా?

ఆ ఒక్క కారణంతో కాదు. 2020 నాటి తప్పనిసరి హాల్‌మార్కింగ్ ఉత్తర్వు నాణెం రూపంలోని ముడి బంగారానికి మినహాయింపు ఇచ్చింది. కాబట్టి హాల్‌మార్క్ లేకపోవడం నకిలీకి రుజువు కాదు.

2. పరీక్షలో 22 క్యారెట్లని తేలింది. ఇక అసలుదే కదా?

అలా అనుకోవద్దు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. స్వచ్ఛత వేరు, ప్రామాణికత వేరు. 1950, 60లలో బేరూట్‌లో మంచి బంగారంతోనే నకిలీ సవరన్లు ముద్రించారు. అలాంటి నాణెంలో బంగారం విలువ ఉంటుంది. పాత నాణెంగా మీరు అదనంగా చెల్లించిన ధర మాత్రం పోతుంది.

అసలు సవరన్ బరువు 7.98 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, సాంద్రత సుమారు 17.6. అరుగుదల వల్ల బరువు స్వల్పంగా తగ్గవచ్చు, పెరగడానికి వీల్లేదు. బొంబాయి ముద్రణాలయం సవరన్లు ముద్రించింది 1918లో మాత్రమే. వాటిపై సంవత్సరం అంకెలకు పైన, నేలగీతపై చిన్న "ఐ" అక్షరం ఉంటుంది. బొంబాయి కాసు అంటూ మరో సంవత్సరం చూపితే కొనవద్దు.

3. డబ్బు చెల్లించే ముందు ఏం తీసుకోవాలి?

సంవత్సరం, ముద్రణాలయం, బరువు, స్వచ్ఛత, "అసలు నాణెం" అన్న మాట, ఈ ఐదూ అమ్మకందారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. రెండు ముఖాలతో పాటు అంచు ఫొటో కూడా అడగండి. "తరహా", "నమూనా", "ఉన్నది ఉన్నట్టే" వంటి మాటలు ప్రకటనలో ఉంటే తరువాత మీ వాదన బలహీనపడుతుంది. బిల్లు లేకుండా కొనవద్దు.

4. పార్సిల్ అందాక?

సీలు విప్పడం నుంచి తూకం వేయడం దాకా ఆపకుండా వీడియో తీయండి. యాసిడ్ వేయించడం, గీయించడం, కోయించడం చేయవద్దు. ప్రయోగశాల పరీక్ష అవసరమైతే వినియోగదారుల కమిషనే పంపించగలదు. అప్పటికి నాణెం చెక్కుచెదరకుండా ఉండాలి.

5. "వాపసు తీసుకోం" అన్న షరతు చెల్లుతుందా?

నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వాపసుకు, సొమ్ము తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించరాదని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. వ్యాపారంగా కాక, తన సొంత నాణేన్ని ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి ఈ నియమాలు వర్తించవు.

6. కేసు ఎక్కడ, ఎప్పటిలోగా?

వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 5 లక్షల వరకు రుసుము లేదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు, దానిపై ఆధారపడవద్దు. తిరిగి అమ్మడానికి కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు.

7. వందేళ్లు దాటిన నాణేన్ని అమెరికాలోని పిల్లలకు పంపవచ్చా?

పంపరాదు. 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకే ఉంది. ఇలాంటివాటిని వ్యాపారంగా అమ్మేవారికి లైసెన్సు ఉండాలి. ఆ నంబరు అడగండి.

8. పొలంలో లంకెబిందె దొరికిందని తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. కొనవచ్చా?

కొనవద్దు. నిజంగా దొరికినదైతే, విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం శాసిస్తోంది. కట్టుకథైతే అది మోసం. ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేసి, లావాదేవీ నంబరు చెప్పి ఫిర్యాదు నమోదు చేయించండి.